రిమోట్‌కు పట్టిన గొడుగు

ముసురు పట్టిన రోజుల్లోనే మా మామ పుంగనూరు బస్సెక్కుతాడని ముందు కనిపెట్టింది మా ఆయన. ఎండ కాస్తే మామ ఇల్లు కదిలేవాడు కాదు. పేపరు చదువుకుంటా, కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోస్తా పొద్దు గడిపేవాడు. అదే బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెప్పినారంటే, మా మదనపల్లె మొత్తం టమోటా తోటలు ఏమైపోతాయోనని దిగులు పడతాంటే, ఈయన గొడుగు తెరిచి పుల్లలు సరిచూసుకునేవాడు.

ఆ ఏడు కార్తీకంలో ఒకదాని వెనక ఒకటి తుఫాన్లు పట్టినాయి. మా చుట్టుపక్కల చెరువులన్నీ నిండి మరవల మీంచి పొర్లినాయి. మామ వారానికి రెండు మూడుసార్లు పుంగనూరు పోతాండె.

మా మామ పేరు దాసప్ప. బస్సు డిపో గ్యారేజీలో మెకానిక్కుగా చేసి రిటైరైనాడు. మా అత్త పోయినప్పటి నుంచి ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. నేను ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాను. మా ఆయన గిరిబాబు ట్రాక్టర్ల షోరూములో మేనేజరు. ఇద్దరం పొద్దన పోతే సాయంత్రానికి గానీ రాము. పగలంతా మామ ఏం చేస్తాడో మేం ఎప్పుడూ ఆలోచించింది లేదు.

పుంగనూరు పోయేటప్పుడు ఆయన వెంట ఒక సంచి పోయేది. బస్సు సీట్లకు వేసే రెగ్జిన్‌తో కుట్టింది, మనిషి చేయంత పొడుగు. తిరిగొచ్చినాక దానికి బుడ్డ తాళం వేసి మంచం కిందికి తోసేవాడు. గది ఊడ్చేటప్పుడు దాన్నుంచి చెరువు పాచి వాసన వచ్చేది. యాడికి పోయినావు మామా అంటే ముక్తియార్ ఇంటికి పోయొచ్చినా అనేవాడు. ముక్తియార్ గ్యారేజీలో ఆయనతో పాటు పనిచేసినాయన. నేను అంతటితో ఊరుకున్నాను.

మా ఆయన ఊరుకోలేదు. ఒకరోజు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "ముక్తియార్ పోయి రెండేండ్లాయె. మట్టి చేసేటప్పుడు నేనే పోయొచ్చినా. ఇంగ ఆ ఇంట్లో ఈయనకేం పని?" అన్నాడు.

ఆ ఇంట్లో ముక్తియార్ భార్య మైమూన్ బీ ఉండాది. కొడుకు రఫీక్‌కు పుంగనూరులో పరుపుల అంగడి. పగలు అంగట్లోనే ఉంటాడు. మా ఆయన ఇవన్నీ ఒకటొకటే చెప్పి ఆగిపోయినాడు. మిగిలింది నేను అనుకోవాలని.

నేనూ అనుకున్నాను. అప్పటిదాకా కంటికి ఆననివన్నీ ఆ రోజు నుంచి కనబడేది మొదలుపెట్టినాయి. పోయే రోజు మామ గడ్డం గీసుకుంటాడు. చొక్కా జేబులో ఏలకులు ఉంటాయి. ఒకసారి తడిసిన గొడుగు ఆరబెట్టబోతే పిడి నుంచి అత్తరు వాసన వచ్చింది. దాన్ని మళ్ళా మళ్ళా వాసన చూసి, నాకే సిగ్గనిపించి పక్కన పెట్టినాను. మా ఆయనకు చెప్పకూడదనుకున్నాను. అన్నం పెట్టేటప్పుడు చెప్పేసినాను.

మరుసటి వారమే కుప్పం నుంచి నీలిమ ఫోన్ చేసింది. నీలిమ మా ఆయన చెల్లెలు, అక్కడ కాలేజీలో లెక్చరర్. ఆమెతో పనిచేసే ఆయనది పుంగనూరంట. చెరువు కట్ట మీద, జడివానలో, మీ నాయన ఎవురో బురఖా ఆమెతో నిలబడి ఉంటే చూసినానన్నాడంట. ఇద్దరికీ ఒకటే గొడుగంట. "వదినా, ఎండ పూట ఊరంతా తిరిగే కట్ట అది. వాన పడితే నరమానవుడు ఉండడు. అట్లాంటప్పుడు పోతాండాడంటే ఏమనుకోవాల?" అని అడిగింది. అమ్మ ఫోటోకు వేసిన దండ ఇంగా వాడలేదు అని కూడా అంది. మా ఇంట్లో ఫోటోకు వేసింది ప్లాస్టిక్ దండ. అయినా నేను సరిదిద్దలేదు.

మా ఆయన ఎంత ఆలోచించినా తాను పోయి చూడలేనన్నాడు. కొడుకు తండ్రి వెనకాల దాక్కుని పోతే ఏం బాగుంటుంది, నువ్వైతే ఆడమనిషివి, ఏదో పని మీద వచ్చినట్టు ఉంటుంది అన్నాడు. అట్ల నన్ను పంపించినాడు.

నేను ల్యాబుకు సెలవు పెట్టి మామ ఎక్కిన బస్సు వెనక బస్సెక్కినాను. పుంగనూరులో దిగేటప్పటికి గాలి ఒకటే జోరుగా ఉండింది. కట్ట ఎక్కితే చెరువు చెరువులా లేదు. అవతలి గుట్టల నుంచి గాలి తోసుకొస్తాంటే నీళ్ళు గోధుమరంగు అలలుగా లేచి కట్టరాళ్ళకు కొట్టుకుంటాండాయి. మరవ దగ్గర గోడ చాటున నిలబడి చూసినాను.

ఇద్దరూ ఉండారు. గొడుగూ ఒకటే. కానీ ఆ గొడుగు కింద వాళ్ళిద్దరూ లేరు. మైమూన్ బీ చేతిలో పాలిథిన్ కవరు చుట్టిన రిమోట్ ఒకటి ఉండింది. మా మామ పక్కన నిలబడి ఆ రిమోట్‌కు గొడుగు పట్టినాడు. ఆమె బురఖా, ఆయన చొక్కా నీళ్ళు కారతాండాయి. ఇద్దరి చూపూ చెరువు మీదే. నేనూ అటు చూస్తే అలల నడుమ ఎర్రగా ఏదో ఎగిరి మునిగి మళ్ళా లేచింది. పడవ. చంటిబిడ్డ తొట్టెంత ఉంటుంది. మూతి పైకెత్తి అల ఎక్కుతాది, కొన మీద ఒక్క క్షణం గాల్లో నిలబడతాది, ఈడ్చి కొట్టినట్టు అవతల పడతాది. మోటారు కూత సన్నగా గాలిలో వినిపిస్తాండింది.

ఎంతసేపు చూసినానో తెలీదు. మైమూన్ బీ తల తిప్పకుండానే, "మేస్త్రీ, మీ కోడలు తడస్తా ఉండాది. గొడుగులోకి పిలువు" అనింది.

మామ నన్ను చూసినాడు. ఎందుకొచ్చినావని అడగలేదు. జేబులో నుంచి ఒక ఏలక్కాయ తీసి చేతిలో పెట్టినాడు. చలికి నోట్లో వేసుకోమన్నాడు.

పడవ చేసింది ముక్తియార్. నడిపేది మాత్రం ఎప్పుడూ మైమూన్ బీనేనంట. ఆయనకు చెయ్యి వణికేదంట. నీళ్ళు కదలకుండా ఉంటే ఎవరైనా నడుపుతారు, దాంట్లో ఏముండాది అంది ఆమె. గాలికి ఎదురుగా పోనీయాల, కానీ నేరుగా కాదు, రవ్వంత ఓరగా. అల ఎక్కేటప్పుడు ఒత్తాల, కొన మీదికి రాగానే వదిలేయాల, లేకపోతే పడవ కింది ఫ్యాను గాల్లో తిరిగి మోటారు కాలిపోతాది. మలుపు తిప్పేటప్పుడు అలకు పక్క ఇచ్చినామా, బోర్లా పడినట్టే. చెప్తా చెప్తానే ఆమె బొటనవేలు కదులుతాండింది. ఆమె వేళ్ళకు పెట్టుకున్న గోరింటాకు వెలిసిపోయి ఉండింది. రఫీక్ ఆ పడవను పాత సామాన్లకు వేసేయమన్నాడంట, భర్త పోయినామె చెరువు గట్టున బొమ్మలాట ఆడితే నలుగురూ నవ్వుతారని. అందుకే అది మామ మంచం కిందికి వచ్చింది.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంతేనా అనిపించింది. మదనపల్లె దగ్గరయ్యే కొద్దీ ఇంకో ఆలోచన వచ్చింది. పడవ నడపడానికి గాలి కావాల, సరే. గాలి ఉన్న రోజు కట్ట మీద ఎవరూ ఉండరు, అదీ నిజమే. ఈ రెండింట్లో దేనికోసం వాళ్ళు ముసురు కోసం చూస్తాండారు? పక్క సీట్లో మామ కండ్లు మూసుకుని ఉండాడు. నిద్రపోయినాడో లేదో తెలీలేదు.

మా ఆయనకు చూసింది చూసినట్టు చెప్పినాను. "అరవై దాటినోళ్ళు వానలో నిలబడి బొమ్మ పడవ ఆడిస్తాండారా? నీకు ఇంగేదీ దొరకలేదా చెప్పడానికి?" అన్నాడు. మంచం కింద సంచి తెరిచి చూసుకోమన్నాను. చూసినాడు. పడవ ఉంటే మాత్రం ఏమైంది, వంక ఉండద్దా పోవడానికి అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన చూపు మామ మీద సగం, నా మీద సగం.

తర్వాత రఫీక్ మా ఇంటికి వచ్చినాడు. చాలా మర్యాదస్తుడు. ఖర్జూరాలు తెచ్చినాడు. మా ఆయనతో ట్రాక్టర్ల గురించి, వానల గురించి మాట్లాడి, లేచేటప్పుడు మామతో, "చాచా, నేను లేనప్పుడు ఇంటికి రావద్దు. ఏమీ అనుకోవద్దు" అన్నాడు. మామ సరేనప్పా అన్నాడు. గడప దాకా పోయి సాగనంపి వచ్చినాడు. అంతే, మైమూన్ బీ ఇంటికి మళ్ళా పోలేదు. చెరువుకు పోవడం మానలేదు.

కార్తీకం చివర్లో మామ నన్ను ఒక సాయం అడిగినాడు. శాంతిపురం దగ్గర ఒక చెరువులో ఇట్లాంటి రిమోట్ పడవల పందెం పెడతాండారంట. బెంగుళూరులో ఉద్యోగాలు చేసే కుర్రోళ్ళు ఏటా ఒకసారి గాలి జోరుగా ఉండే నెలలో వస్తారు. ముక్తియార్ ఫోనుకు ఆ గ్రూపు మెసేజీలు ఇంగా వస్తానే ఉండాయి, ఆ ఫోను మైమూన్ బీ దగ్గర ఉండాది. ఆమె పోవాలనుకుంటాండాది. పలమనేరులో చెల్లెలి ఇంటికని చెప్పి వస్తాది. నువ్వు గూడా తోడు రాగలవా అమ్మా అన్నాడు.

ఆయన ఎప్పుడూ నన్ను ఏమీ అడిగిన మనిషి కాదు. అయినా నా మనసులో మొదట వచ్చింది, వీళ్ళకు నేను అడ్డం గోడనా అని. ఎవరన్నా చూస్తే కోడలు వెంట ఉండాది గదా అనిపించుకోడానికా? ఆ మాట అడగడానికి నోరు రాలేదు. పోతాను అన్నాను. మా ఆయనతో కుప్పంలో నీలిమను చూసొస్తామని చెప్పినాను. అబద్ధం కాకూడదని నీలిమకు ఫోన్ చేసి శాంతిపురం రమ్మన్నాను.

ఆ రోజు గాలి మామూలు గాలి కాదు. కట్ట మీద నిలబడితే చీర మోకాళ్ళకు చుట్టుకుని అడుగు పడనీయలేదు. చెరువులో రెండు పచ్చ డ్రమ్ములు లంగరు వేసి వదిలినారు. వాటి చుట్టూ మూడుసార్లు తిరిగి రావాల. కుర్రోళ్ళ పడవలు సన్నగా, నిగనిగలాడతా ఉండాయి. మా పడవ మూతి లావుగా, పాత రంగుతో ఉండింది. మైమూన్ బీని చూసి వాళ్ళు నవ్వలేదు. ఒకబ్బాయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసినాడు. ఆమె కూర్చోలేదు.

మామ పడవ మూత చుట్టూ టేపు అంటించి, ఇరుసుకు గ్రీసు పెట్టి, రాళ్ళ మీద వంగి నీళ్ళలోకి వదిలినాడు. పైకొచ్చి గొడుగు తెరవబోతే గాలికి అది ఎదురు తిరిగి పుల్లలు విరిగినాయి. దాన్ని అక్కడే పడేసి ఆమె పక్కన నిలబడినాడు. అప్పుడే నీలిమ స్కూటీ దిగి నా దగ్గరికి వచ్చింది.

మొదటి చుట్టులోనే రెండు పడవలు బోర్లా పడినాయి. ఒకటి అలలోకి మూతి గుచ్చుకుని మళ్ళా లేవలేదు. మైమూన్ బీ పడవ మెల్లగా, ఎక్కి దిగి, ఎక్కి దిగి పోతాండింది. రెండో చుట్టు తిరిగేటప్పుడు చినుకు జోరైంది. ఆమె కండ్లజోడు మీద నీళ్ళు పేరుకున్నాయి. ఆమెకు పడవ కనపడడం లేదని అర్థమైంది. కానీ వేళ్ళు తీస్తే పడవ పోతాది.

"యాడ ఉండాది మేస్త్రీ?" అనింది.

"డ్రమ్ముకు ఈపక్క. ఒత్తు. ఇంగ రవ్వంత. ఆఁ, వదులు. పెద్దదొకటి వస్తాండాది, ఎడమకియ్యి. ఒత్తు."

ఆయన చెప్తాంటే ఆమె వేళ్ళు ఆ మాట పూర్తయ్యే లోపలే కదులుతాండాయి. అట్ల కొంచెం దూరం పోయినాక మామ చెయ్యి చాపి ఆమె మొహం మీద నుంచి కండ్లజోడు తీసుకున్నాడు. చొక్కా కొన తడిసిందని బనియను పైకి లాగి దాంతో తుడిచినాడు. తుడుస్తానే "వదులు, ఇప్పుడు ఒత్తు" అంటా ఉండాడు. మళ్ళా ఆమెకు పెట్టినాడు. ఒక చెవి దగ్గర సరిగా కూర్చోకపోతే వేలితో సర్దినాడు. ఆమె చెరువు వైపే చూస్తాండింది.

నీలిమ నా చెయ్యి పట్టుకోనుండింది. ఆ పట్టు బిగిసింది.

"మా అమ్మకు చత్వారం వచ్చి పదేండ్లు జోడు పెట్టుకునింది వదినా" అంది. "నాయన ఒక్కసారన్నా దాన్ని చేత్తో పట్టుకోవడం నేను చూడలేదు."

ఆ రోజు తిరిగి గట్టుకు చేరిన పడవలు మూడే. మాది మూడోది. కుర్రోళ్ళు చప్పట్లు కొట్టినారు. మైమూన్ బీ రిమోట్ మామ చేతికిచ్చి అప్పుడు కుర్చీలో కూర్చునింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ముడుస్తా తెరుస్తా చాలాసేపు ఉండింది. నీలిమ వాళ్ళ నాయన దగ్గరికి పోలేదు. స్కూటీ తిప్పుకుని కుప్పం వెళ్ళిపోయింది.

మేం ఇల్లు చేరేటప్పటికే ఆమె అన్నకు ఫోన్ చేసి ఉండింది.

మా ఆయన ఆ సాయంత్రం నడింట్లో కూర్చుని మామ కోసమే ఎదురుచూస్తాండాడు. ఊర్లో తల ఎత్తుకోలేను అన్నాడు. ఆ రఫీక్ ఇంటికొచ్చి చెప్పి పోయినా లెక్క లేదా అన్నాడు. నన్ను చూపించి, దీన్ని గూడా అబద్ధాలకు మరిగించినావు అన్నాడు. మామ చెప్పులు విడిచి, సంచి గోడకు ఆనించి, ఎదురుగా కూర్చుని అన్నీ విన్నాడు.

"నువ్వు అడగాల్సింది ఇవి కాదు గదా నాయినా. దాన్ని అడుగు. చెప్తాను" అన్నాడు.

మా ఆయన నోరు తెరిచినాడు. నేనూ వినాలనుకున్నాను ఆ జవాబు. కానీ ఆయన అడగలేదు. నేల చూస్తా, మేడ మీద గది వేసే సంగతి ఎప్పుడు తేలుస్తావు, ఇల్లు నీ పేరునే ఉండె గదా అన్నాడు.

మామ, వేసుకోండి, నేను అడ్డం లేను అన్నాడు. ఆ వారంలోనే పుంగనూరు బస్టాండు వెనక ఒక గది బాడుగకు తీసుకున్నాడు. రెండు జతల బట్టలు, స్టవ్వు, ఆ సంచి తీసుకుని పోయినాడు. వద్దు మామా అని నేనన్నాను. నిజంగానే అన్నాను. నీ మీద నాకేం లేదమ్మా అన్నాడు.

తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయినాయి. మా ఆయన నా డ్యూటీ వేళలు అడిగేవాడు, ఆలస్యమైతే యాల అనేవాడు. ఇంతకుముందు ఎప్పుడూ అడగనివి. ఇటుకలు దించినారు గానీ మేడ పని మొదలుపెట్టలేదు. ఒక ఆదివారం కాఫీ తాగతా, తల ఎత్తకుండా, "పుంగనూరు పోయి చూసిరా ఎట్లుండాడో" అన్నాడు. ఆగి, "ఎవురెవురు వస్తాపోతా ఉండారో గూడా" అన్నాడు.

పోయినాను. గదికి తాళం వేసి ఉండింది. నేరుగా చెరువు కట్టకు నడిచినాను. ముసురు వదిలి వారమైంది. ఎండ కాస్తాండినా ఉత్తరపు గాలి గట్టిగానే ఉండి నీళ్ళు కరుకుగా లేస్తాండాయి. కట్ట మీద జనం ఉండారు. గొర్రెలు తోలేవాళ్ళు, గుడ్డలారేసేవాళ్ళు. అంతమంది నడుమ మామ, మైమూన్ బీ నిలబడి పడవ నడుపుతాండారు. మొదటిసారి వాళ్ళను ఎండలో చూసినాను. ఇద్దరూ నేననుకున్న దానికంటే ముసలివాళ్ళు.

కొంచెం ఎడంగా రాతి మీద ఒక అమ్మాయి కూర్చోనుండింది. నల్ల బురఖా, ఒళ్ళో టిఫిన్ డబ్బా. రఫీక్ భార్య సాజిదా అని చెప్పుకుంది. అత్తమ్మను ఆపితే అన్నం మానేసిందంట. అందుకని రఫీక్, పోతే పో గానీ సాజిదాను వెంటబెట్టుకుని పో అన్నాడంట. ఇంటికి పోయినాక అన్నీ అడుగుతాడంట.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. డబ్బా తెరిచి తియ్యటి కట్టు సేమియా పెట్టింది. ఇద్దరం తింటా వాళ్ళనే చూస్తాండాము. పడవ అల కొన మీద నిలబడినప్పుడల్లా మా ఇద్దరి నములుడూ ఆగేది. మామ ఏదో అన్నాడు. మైమూన్ బీ నవ్వింది. ఏమన్నాడో గాలికి మాకు వినపడలేదు.

సాజిదా నా దగ్గరికి జరిగింది. "అక్కా, నిజం చెప్పు. వాళ్ళది పడవేనా, ఇంగేమన్నానా?"

"ఏమో సాజిదా. నేను గూడా అదే చూస్తాండాను."

ఆమె డబ్బాకు మూత పెట్టింది. "మరి ఇంటికి పోయి ఏం చెప్పాల?"

మైమూన్ బీ పడవను గాలికి ఎదురు తిప్పింది. పెద్ద అల ఒకటి వస్తాండింది.

"గాలి శానా ఉండాదని చెప్పు" అన్నాను.